మన గనుల ఊరి లెక్క: నాలుగు భాషల్లో ఒకటి నుంచి నూరు దాకా



ఈసారి అంకెల గురించి రాస్తున్నాం. మన పిల్లల పిల్లలు కొందరు అమెరికా బడుల్లో స్పానిష్ నేర్చుకుంటున్నారు. ఫోన్ చేస్తే "ఉనో, దోస్, త్రేస్" అని పది దాకా గడగడా చెబుతారు. మంచిదే. కానీ "తాతకు తెలుగులో ఎంతవరకు లెక్కపెడతావు?" అంటే "ఒకటి, రెండు, మూడు" దగ్గర ఆగి, తర్వాత "ఫోర్" అంటారు. వాళ్ళనెందుకు అనాలి? ఇక్కడ ఆండర్సన్‌పేటలో, రాబర్ట్‌సన్‌పేటలో ఉన్న మన పిల్లలు కూడా "నలభై అయిదు రూపాయలు" అంటే ఒక నిమిషం ఆలోచించి "ఫార్టీ ఫైవా?" అని తిరిగి అడుగుతున్నారు.

కోలారు గనుల్లో మన పెద్దలు ఒక్క భాషలో లెక్కపెట్టి బతకలేదు. ఇంట్లో తెలుగు, లైన్లలో తమిళం, సర్కారు కాగితంలో కన్నడం, గనిలో ఇంగ్లీషు. అంకె తప్పుగా వింటే కూలి పోయేది, బండి పోయేది, ఒక్కోసారి ఇంకా పెద్దదే పోయేది. అంకెలు అప్పచెప్పడం వేరు, అంకెలతో బతకడం వేరు. మన పెద్దలు రెండోది నేర్చారు. ఎలా నేర్చారో, ఎక్కడెక్కడ చిక్కు పడిందో మనం రాసి పెట్టుకోకపోతే ఇంకో పదేళ్ళలో చెప్పేవాళ్ళుండరు.

మేమంతా తమిళ మీడియంలో చదివిన తెలుగువాళ్ళం. లెక్క నోటికొచ్చేది తమిళంలో, కోపమొచ్చేది తెలుగులో. కాబట్టి ఈ విషయంలో రెండు గట్ల మీదా నిలబడి చూసే వీలుంది మాకు.

నాలుగు భాషలు ఎలా వచ్చి చేరినాయి

కోలారు నేల మీద భాషల కలయిక నిన్న మొన్నటిది కాదు. కోలారమ్మ గుడికి పోయినవాళ్ళు గోడల మీద తమిళ శాసనాలు చూసే ఉంటారు. చోళుల కాలంవి. వాటిలో ఉన్నదేమిటి? గుడికిచ్చిన భూమి, ధాన్యం, ఎవరికెంత అన్న లెక్క. తర్వాతి కాలంలో విజయనగర రాజుల, పాళెగాళ్ళ శాసనాలు కన్నడంలోనూ తెలుగులోనూ ఈ జిల్లాలో ఉన్నాయి. బి.ఎల్. రైస్ దొర కోలారు జిల్లా శాసనాలన్నీ ఏర్చి 1905లో ఎపిగ్రాఫియా కర్ణాటికా పదో సంపుటంగా అచ్చు వేయించినాడు. ఆ పుస్తకం తిరగేస్తే ఒకటి తెలుస్తుంది. మన జిల్లాలో రాతి మీద చెక్కిన మాటల్లో దేవుడి తర్వాత ఎక్కువగా కనబడేది లెక్కే.

గనుల కథ మీకు తెలిసిందే. 1802లో లెఫ్టినెంట్ జాన్ వారెన్ ఊరిగాం, మారికుప్పం వైపు వచ్చి, ఊరివాళ్ళు మట్టి కడిగి బంగారు రేణువులు తీయడం చూసి రాసిపెట్టినాడు. 1875లో లావెల్ దొరకు మైసూరు సర్కారు అనుమతి దొరికింది. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చింది. మైసూరు మైను, ఛాంపియన్ రీఫ్, ఊరిగాం, నందిదుర్గం గనులు నడిచినాయి. 1894లో బౌరింగ్‌పేట నుంచి మారికుప్పం దాకా రైలు దారి పడింది. ఆ బౌరింగ్‌పేటే ఇప్పటి బంగారపేట.

పని కోసం ఉత్తర ఆర్కాడు నుంచి, సేలం నుంచి తమిళులు వచ్చినారు. చిత్తూరు, పలమనేరు, పుంగనూరు వైపు నుంచి మనవాళ్ళు వచ్చినారు. (చిత్తూరు జిల్లా వేరుగా ఏర్పడింది 1911లో. అంతవరకు అదీ ఉత్తర ఆర్కాడే.) చుట్టుపక్కల ముళబాగిలు, శ్రీనివాసపురం, బంగారపేట పల్లెల్లో ముందునుంచే తెలుగు ఉంది. పైన దొరలు: ఇంగ్లండులోని కార్న్‌వాల్ గని పనివాళ్ళు, కొందరు ఇటలీవాళ్ళు. సర్కారు మైసూరు రాజుది, కాబట్టి కాగితం కన్నడం. ఇంతమంది ఒకే సంతలో కూరగాయలు కొన్నారు. బేరం ఎవరి భాషలో?

పది దాకా చుట్టాలే

తెలుగు, తమిళం, కన్నడం అక్కచెల్లెళ్ళు. పది దాకా చూడండి.

తెలుగు: ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది.
తమిళం, మాట్లాడే తీరులో: ఒణ్ణు, రెండు, మూణు, నాలు, అంజు, ఆరు, ఏళు, ఎట్టు, ఒన్బదు, పత్తు.
కన్నడం: ఒందు, ఎరడు, మూరు, నాల్కు, ఐదు, ఆరు, ఏళు, ఎంటు, ఒంబత్తు, హత్తు.

ఆరు మూడింటిలోనూ ఆరే. కన్నడంలో పాత 'ప' చాలా చోట్ల 'హ' అయింది, అందుకే పత్తు హత్తు అయింది. పాలు హాలయినట్టే. తమిళ పుస్తకాల్లో 'ఇరండు' అని రాసేది తెలుగులో మొదటి అచ్చు లోపలికి జరిగి 'రెండు' అయింది. ఇలా అక్షరాలు చోటు మార్చుకోవడం తెలుగుకు పాత అలవాటు.

పది దాటినాక ఆ అలవాటే చిక్కు తెస్తుంది. ఏడు పదులు తమిళంలో ఎళుబదు, కన్నడంలో ఎప్పత్తు. రెండింటిలోనూ ఏడు వినబడుతుంది. తెలుగులో? డెబ్బై. ఏడు ఎక్కడికి పోయింది? ఏడు, పది కలిసి, ముందున్న 'ఏ' లోపలికి పోయి 'డె' మిగిలింది. డెబ్బది, తర్వాత డెబ్బై. లైన్లలో తమిళ అత్తమ్మలకు తెలుగు అంకెలన్నీ కొంచెం కొంచెం అర్థమయ్యేవి, డెబ్బై దగ్గర మాత్రం ఆగిపోయేవాళ్ళు. అది వాళ్ళకు కొత్త మాట కిందే లెక్క.

ఇప్పుడు బజారులో అసలు ప్రమాదం చూడండి. తమిళంలో యాభై అంటే 'అంబదు'. కన్నడంలో ఎనభై అంటే 'ఎంబత్తు'. సంత గోలలో రెండూ ఒకటిగానే వినబడతాయి. మధ్య తేడా ముప్పై. తమిళంలోనే 'ఒన్బదు' తొమ్మిది, 'ఎన్బదు' ఎనభై. ఒక్క అచ్చు తేడాకు డెబ్బై ఒకటి తేడా. తెలుగులో మనకూ ఉంది: ఇరవై, అరవై. ఫోనులో చెప్పి చూడండి, అవతలివాళ్ళు "ఏమి, ఇరవైయా అరవైయా?" అనక తప్పదు.

తొంభైలో నూరు ఎందుకు వినబడుతుంది

తమిళ బడిలో కూర్చున్న తెలుగు పిల్లవాడికి అన్నిటికన్నా పెద్ద గుండం తొంభై దగ్గరుంది. తమిళంలో తొంభై అంటే 'తొణ్ణూరు'. చివర 'నూరు' ఉంది. కొత్తగా వినే తెలుగు చెవికి అది నూరు దాటిన ఏదో సంఖ్య అనిపిస్తుంది. అది నూరుకు పది తక్కువ.

ఇంకో మెట్టు ఎక్కితే తొమ్మిది వందలు. తమిళంలో 'తొళ్ళాయిరం'. చివర 'ఆయిరం' ఉంది, అంటే వెయ్యి. కానీ వెయ్యి కాదు, వెయ్యికి నూరు తక్కువ.

దీనికి కారణం ఉంది. పాత తమిళంలో తొమ్మిదికి 'తొండు' అనే మాట ఉండేది. మన 'తొమ్మిది'లోని 'తొ' దాని చుట్టమే. తర్వాత తమిళంలో ఆ మాట వాడుకలోంచి పోయి, తొమ్మిది స్థానంలోకి 'ఒన్బదు' వచ్చింది. పదికి ఒకటి తక్కువ అన్నట్టు అందులో పది వినబడుతుంది. అదే వరసలో తొంభై నూరును, తొమ్మిది వందలు వెయ్యిని తోకగా తగిలించుకున్నాయి. తమిళం తొమ్మిది వచ్చినప్పుడల్లా పై మెట్టు పేరు చెబుతుంది. తెలుగు తొంభై, తొమ్మిది వందల దగ్గర ఆ పని చేయలేదు. ఏ మెట్టు మీద ఉన్నామో ఆ మెట్టు పేరే చెబుతుంది. కన్నడం కూడా ఇక్కడ మన వైపే: తొంబత్తు, ఒంబైనూరు.

కాబట్టి చిన్నప్పుడు ఈ అంకె దగ్గర తడబడిన తెలుగు పిల్లలను మందబుద్ధి అన్నవాళ్ళకు భాష తెలియదనే చెప్పాలి. ఆ పిల్లవాడు బాగానే విన్నాడు. వాడి ఇంటి భాషలో నూరు అంటే నూరే.

నూరు అనే మాట కూడా చూద్దాం. కోస్తావైపు వాళ్ళు వంద అంటారు. మన కోలారు, చిత్తూరు వైపు నూరు అంటాం. ఎవరైనా "నీకు నూరు తెలుసా, వంద తెలుసా?" అని ఎగతాళి చేస్తే చిన్నబోవద్దు. దీవించేటప్పుడు ఎక్కడివాళ్ళయినా నిండు నూరేళ్ళే అంటారు. ఇన్నూరు, మున్నూరు అనే పాత లెక్క తెలుగులోనూ ఉండేది. తెలంగాణలో మున్నూరు కాపులు అనే కులం పేరులో ఆ మున్నూరు నేటికీ నిలిచి ఉంది. తమిళంలో మున్నూరు, కన్నడంలో మున్నూరు, తెలుగులోనూ మున్నూరు. మూడు వందల దగ్గర అందరం ఒకటే.

ఇద్దరు పిల్లలు, రెండు పిల్లలు

తెలుగులో మనుషుల లెక్క వేరు, వస్తువుల లెక్క వేరు. రెండు కుర్చీలు, ఇద్దరు మనుషులు. మూడు మేకలు, ముగ్గురు కాపరులు. నలుగురు, ఐదుగురు, ఆరుగురు, ఏడుగురు, ఎనమండుగురు, తొమ్మండుగురు, పదిమంది. తమిళంలో కూడా పుస్తకాల్లో ఇరువర్, మూవర్, నాల్వర్ ఉన్నాయి. కానీ మాట్లాడేటప్పుడు 'రెండు పేరు', 'మూణు పేరు' అంటారు. కన్నడంలో ఇబ్బరు, మూవరు నోటి మాటలోనూ ఉన్నాయి.

గనుల ఊళ్ళో పెరిగిన మన నోట 'మూడు పేరు వచ్చినారు' అని వినబడుతుంది. తిరుపతిలోనో విజయవాడలోనో ఈ మాట అంటే వినేవాడికి మూడు పేర్లు ఎవరివని సందేహం వస్తుంది. 'మాకు రెండు పిల్లలు' అంటే ఇంకా చిక్కు. తెలుగులో ఇద్దరు పిల్లలంటే మన బిడ్డలు. రెండు పిల్లలంటే పిల్లి పిల్లలో, కుక్క పిల్లలో. పెళ్ళిచూపుల్లో ఇది అనకూడదు కదా.

నవ్వుకోవడానికి చెప్పినా ఇందులో ఒక విషయముంది. తెలుగు మనిషిని వస్తువుతో కలిపి లెక్కపెట్టదు. 'నలుగురు' అంటే నాలుగు తలలని మాత్రమే అర్థం కాదు, ఊరని, సమాజమని అర్థం. 'నలుగురిలో మాట పోగొట్టుకోవద్దు' అంటాం. నాలుగులో మాట పోదు, నలుగురిలో పోతుంది. ఈ తేడా పిల్లలకు రాకపోతే తెలుగులో మర్యాద సగం రానట్టే.

ఎక్కాలు ఎటువైపు నుంచి

తమిళ బడిలో మేము వాయ్‌పాడు చదివినాం. రెండో ఎక్కం: 'ఈరెండు నాలు, మూవెండు ఆరు'. అంటే రెండు సార్లు రెండు, మూడు సార్లు రెండు. మారే అంకె ముందొస్తుంది, ఎక్కం అంకె వెనకొస్తుంది. తెలుగులో 'రెండు రెళ్ళు నాలుగు, రెండు మూళ్ళు ఆరు'. ఎక్కం అంకె ముందు, మారేది వెనక. కన్నడ మగ్గి కూడా తెలుగు తీరే.

జవాబు ఒకటే కాబట్టి ఏముందిలే అనిపిస్తుంది. కానీ ఎక్కం అనేది బుద్ధితో చదివేది కాదు, పాట మాదిరి నోటికెక్కేది. ఏడెనిమిదులు ఎంత అని తెలుగులో అడిగితే మాకు లోపల 'ఎట్టేళు' అని తిరగబడి, 'అంబత్తారు' అని వచ్చి, ఆపైన యాభై ఆరు అని బయటికొస్తుంది. మా వయసు వాళ్ళందరికీ ఇదే తీరు. లెక్క ఏ భాషలో మొదట నోటికెక్కిందో ఆ భాషలోనే మనసులో జరుగుతుంది. ఎన్ని భాషలు వచ్చినా నోట్ల కట్ట లెక్కపెట్టేటప్పుడు పెదవులు ఏ భాషలో కదులుతాయో చూడండి. అదే మీ లెక్కల భాష. పిల్లలకు తెలుగు లెక్క ఇవ్వాలంటే ఎక్కాల వయసులోనే ఇవ్వాలి అనేది అందుకే.

పదహారణాల లెక్క

రూపాయికి 16 అణాలు, అణాకు 4 పైసలు లేక 12 దమ్మిడీలు. రెండు అణాలు బేడ, నాలుగు అణాలు పావలా. ఈ లెక్కకు మన పాత భిన్నాలు సరిగ్గా సరిపోయేవి. నాలుగో వంతు కాలు, ఎనిమిదో వంతు పరక, పదహారో వంతు వీసం. రూపాయిలో వీసమంటే అణా. అందుకే 'వీసమెత్తు బంగారం లేదు' అంటాం, నిండైనదాన్ని 'పదహారణాల' అంటాం. పదహారణాల తెలుగు అన్న మాటలో పాత లెక్కే ఉంది.

తమిళంలోనూ కాల్ ఉంది, అరై ఉంది, వీసం ఉంది. మా పెద్దలకు అందుకే సంతలో పెద్ద ఇబ్బంది లేదు. కానీ ఒకచోట ఒకే మాటకు రెండు విలువలు. తెలుగులో 'కాని' అంటే అరవైనాలుగో వంతు. రూపాయిలో చూస్తే ఒక పాత పైస. తమిళ లెక్కల సువడిలో 'కాణి' అంటే ఎనభైయో వంతు. మాట ఒకటే వినబడుతుంది, విలువ వేరు. భాషలు దగ్గరివైనప్పుడు ఇలాంటి చోటే జాగ్రత్త కావాలి. అర్థం కాని మాటయితే అడుగుతాం. అర్థమైందనుకున్న మాటయితే అడగం, నష్టపోతాం.

1957 ఏప్రిల్ 1న నయా పైసలు వచ్చినాయి. రూపాయికి 100. ఇప్పుడు అణాకు ఎన్ని పైసలు? ఆరుంబావు. పావు నయా పైసకు నాణెం లేదు. కాబట్టి అణాకు 6, రెండణాలకు 12, మూడణాలకు 19, నాలుగణాలకు 25 అని పట్టిక వేసినారు. ఇందులోనే సూక్ష్మముంది. నాలుగణాలు ఒకేసారి మార్చుకుంటే 25 వస్తాయి. అణా అణాగా నాలుగు సార్లు మార్చుకుంటే 24. రూపాయంతా అణాలుగా మారిస్తే 96 పైసలే చేతికొస్తాయి. నాలుగు పైసలు గాలికి పోయినట్టు. రోజుకూలీతో రోజుకింత కొనేవాళ్ళ ఇంట్లో అది చిన్న లెక్క కాదు. చదువు లేని మన అవ్వలు ఆ పట్టిక నోటికి పెట్టుకుని, అణా అణాగా మార్చకుండా నాలుగణాలు ఒకేసారి మార్చుకునేవాళ్ళు. బడికి పోని ఆ గణితాన్ని మనం తక్కువ చేసి చూడకూడదు.

ధాన్యం కొలిచేటప్పుడు 'ఒకటి' అనకుండా 'లాభం' అనేవాళ్ళు. ఈ ఆచారం తమిళంలోనూ ఉంది. ఏడు దగ్గర మనవాళ్ళకు ఇంకో సంకోచం, ఏడుపు గుర్తొస్తుందని. కొందరు 'ఆరున్నొకటి' అనేవాళ్ళు. పిల్లవాడు ఏడుపు మొదలు పెడితే 'ఆరున్నొక్క రాగం' ఎత్తుకున్నాడు అంటాం కదా, ఆ మాట పుట్టింది ఈ లెక్కలోనే. తమిళంలో ఏళు అంటే ఏడుపు గుర్తురాదు, కాబట్టి ఈ హాస్యం తమిళంలోకి తెచ్చి చెప్పలేం.

గని లోపల అంకె

గనిలో లెక్క పూర్తిగా ఇంగ్లీషు. లోతు అడుగుల్లో, బంగారం ఔన్సుల్లో. ఒక ట్రాయ్ ఔన్సుకు 20 పెన్నీవెయిట్లు, అంటే 31 గ్రాములకు కొంచెం పైన. ఇంట్లో మాత్రం సవరన్ లెక్క, 8 గ్రాములు. తులమంటే 11 గ్రాముల 66 సెంటీగ్రాములు. రోజంతా ఔన్సుల బంగారం మధ్య పనిచేసి ఇంటికొచ్చి కూతురి పెళ్ళికి సవరన్ల లెక్క వేసుకునేవాళ్ళు. గనుల నుంచి మొత్తం మీద 800 టన్నులకు పైగా బంగారం బయటికొచ్చింది. ఆ లెక్కలో మన ఇళ్ళకొచ్చిన భాగం ఎంతో మీకు తెలుసు.

ఛాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు పైగా లోతుకు పోయింది. లోపలి అంతస్తులకు ఊర్ల మాదిరి పేర్లు లేవు, నంబర్లే. ఏ లెవెల్లో దిగాలో సరిగా వినకపోతే వేరే చోట దిగుతారు. దిగేవాడికి నంబరు బిళ్ళ. పైకొచ్చాక బిళ్ళ తిరిగివ్వాలి. తిరిగిరాని బిళ్ళ ఉంటే ఒక మనిషి ఇంకా లోపలే ఉన్నాడని అర్థం. ఆ లెక్కలో ఒకటి తేడా అంటే ఒక ఇల్లు.

కేజీ కదలాలా, ఆగాలా, మనుషులు ఎక్కినారా అన్నది గంట ఎన్నిసార్లు మోగిందన్న దాన్ని బట్టే. గంటకు భాష లేదు. తమిళుడైనా, తెలుగువాడైనా, కార్న్‌వాల్ దొరైనా ఒకటే లెక్క వినాలి. నాలుగు భాషల ఊళ్ళో ప్రాణం మీదికొచ్చే అంకెలను మాటల్లో చెప్పకుండా గంటతో చెప్పడం తెలివైన ఏర్పాటు.

ఇదే అంకె ఇంకోవైపు మనిషిని బిగించే తాడు కూడా అయింది. పేరు బదులు నంబరు, సంతకం బదులు వేలిముద్ర. 1930లో గని కార్మికులు పెద్ద సమ్మె చేసినారు. కార్మికుల వేలిముద్రలు తీసి నమోదు చేసే పద్ధతి దానికి ముఖ్య కారణం. చదువు రానివాళ్ళు సమ్మె చేసినారని కొందరు అప్పుడు తేలిగ్గా తీసుకుని ఉంటారు. కానీ తమను లెక్కలోకి ఎక్కించే తీరు ఏమిటో, ఆ లెక్క ఎవరి చేతిలో ఉంటుందో వాళ్ళకు బాగా అర్థమైంది. చీటీలో ఏం రాసుందో చదవలేనివాడు ఎదుటివాడి నోటిమాట నమ్మాలి. అంకె చదవడం వచ్చినవాడు చీటీనే నమ్ముతాడు. మన ఇళ్ళల్లో మొదటి తరం బడికి పోయింది ఇందుకే.

ఆ లోతులోనే 1965లో ఇంకో లెక్క జరిగింది. టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు జపాన్‌లోని ఒసాకా సిటీ, ఇంగ్లండులోని డర్హం విశ్వవిద్యాలయాల వాళ్ళతో కలిసి, 7,600 అడుగుల లోతున ఆకాశం నుంచి వచ్చే న్యూట్రినోల జాడ పట్టినారు. అవి ఒకటీ రెండూ దొరకడానికి నెలలు కాచుకోవాలి. ప్రపంచంలో అతి ఓపికతో చేసిన లెక్కల్లో ఒకటి మన ఊరి కింద జరిగిందని పిల్లలకు చెప్పండి.

రైల్వేలో నేర్చింది

రైల్వేలో మా పని మొత్తం అంకెలే. పాత అట్ట టికెట్టు మీ అందరికీ గుర్తుండాలి. ఇంగ్లండులో ఎడ్మండ్‌సన్ అనే స్టేషన్ మాస్టరు 1830లలో కనిపెట్టిన పద్ధతి, మన దేశంలో 2007 దాకా నడిచింది. ప్రతి టికెట్టు మీద వరస నంబరు, 0000 నుంచి 9999 వరకు. బండి పోయాక మిగిలిన మొదటి నంబరులోంచి పొద్దున మొదటి నంబరు తీసేస్తే ఎన్ని అమ్మినామో తెలుస్తుంది. దాన్ని ధరతో హెచ్చిస్తే గల్లాపెట్టెలో ఉండాల్సిన డబ్బు. తేడా వస్తే మా జేబులోంచే.

కిటికీ అవతల నుంచి మాత్రం అన్ని భాషల అంకెలూ వచ్చేవి. 'రెండు' అన్నవాడు తమిళుడో తెలుగువాడో తెలియనక్కర లేదు. 'అంబదు', 'ఎంబత్తు' వచ్చినప్పుడు వేళ్ళు చూపించమనేవాళ్ళం. ఫోనులో బండి నంబరు చెప్పేటప్పుడు ఒక్కో అంకె విడిగా చెప్పాలన్నది రైల్వే అలవాటు. అరవై ఐదు అనకుండా 'ఆరు, ఐదు' అనాలి. సరుకు పెట్టెలకు 11 అంకెల నంబరు ఉంటుంది. అందులో చివరి అంకె మిగతా పదింటినీ తనిఖీ చేయడానికే. రాసేటప్పుడు ఒక అంకె తప్పితే చివరిది ఒప్పుకోదు. మనుషులు వినేటప్పుడూ రాసేటప్పుడూ తప్పుతారని ముందే ఒప్పుకుని పెట్టిన కాపలా అది.

స్పానిష్ నేర్చే మనవలకు

ఇప్పుడు మనవల స్పానిష్‌కు వద్దాం. వాళ్ళకూ మనకున్న చిక్కులే ఉన్నాయి. పదకొండు నుంచి పదిహేను దాకా ఓన్సే, దోసే, త్రేసే, కతోర్సే, కిన్సే అని విడి పేర్లు. పదహారు దగ్గర తీరు మారి దియేసిసేయిస్, అంటే పదీ ఆరూ. అరవై సెసెంతా, డెబ్బై సెతెంతా. మన ఇరవై, అరవైల మాదిరే చెవిని మోసం చేస్తాయి. అయిదు వందలు మామూలు వరసలో రాదు, కినియెంతోస్. లెక్కించే వస్తువు స్త్రీలింగమైతే రెండు వందలు దోసియెంతోస్ పోయి దోసియెంతాస్ అవుతుంది. మనకు మనుషులకు వేరు లెక్క ఉన్నట్టు, వాళ్ళకు లింగాన్ని బట్టి లెక్క.

కాని, కాణి మాదిరి ఉచ్చు కూడా ఉంది. ఇంగ్లీషు బిలియన్ అంటే నూరు కోట్లు. స్పానిష్ బియోన్ అంటే లక్ష కోట్లు. మాట ఒకటే, మధ్య తేడా వెయ్యి రెట్లు. స్పెయిన్‌లో దశాంశానికి చుక్క బదులు కామా పెడతారు, మెక్సికోలో మన మాదిరి చుక్కే. ఇవన్నీ పది దాకా పాట పాడితే రావు. కొనాలి, అమ్మాలి, టైము చెప్పాలి, ఫోన్ నంబరు రాసుకోవాలి.

ఆ పిల్లలకు మనం చెప్పగలిగింది ఇదే: మీ ముత్తాతలు బడి లేకుండా మూడు భాషల అంకెలు నేర్చినారు, మీకు నాలుగోది కష్టం కాదు. కానీ మొదటిది వదిలేయకండి.

సంఘం చేయగలిగింది

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినాయి. సంగు ఆగింది, బిళ్ళలు ఆగినాయి, లెవెల్ నంబర్లు నీళ్ళలో మునిగినాయి. ఇప్పుడు మన పిల్లలు పొద్దున చీకటితో రైలెక్కి బెంగళూరు పోతున్నారు. వాళ్ళ లెక్క ఇంగ్లీషులో జరుగుతుంది, తప్పేమీ లేదు. ఇంట్లో ఒక లెక్క మిగిలి ఉండాలన్నదే మా కోరిక.

అందుకు రెండు పనులు అనుకుంటున్నాం. ఒకటి, ఉగాది కలయికలో పిల్లలతో చిన్న సంత పెడదాం. బెల్లం, వేపపూలు, మామిడికాయలు. అమ్మేది, కొనేది, చిల్లర ఇచ్చేది అంతా తెలుగులో. 'డెబ్బై మూడు రూపాయలు, నూరిచ్చినావు, ఇరవై ఏడు తిరిగి తీసుకో' అని పిల్లవాడు ఒక్కసారి తానుగా అంటే అది నోటికెక్కుతుంది. వచ్చిన చుట్టాలను కూడా వాళ్ళే లెక్కపెట్టాలి: ఇద్దరు, ముగ్గురు, నలుగురు.

రెండోది, డెబ్బై దాటిన పెద్దలు ప్రతి లైనులో ఇంకా ఉన్నారు. బేడ, పరక, వీసం, కాని అన్న మాటలు వాళ్ళ నోట వినండి. ఏ ఊరి నుంచి వచ్చినారు, కొలత పడిలోనా సేరులోనా, ధాన్యం కొలిచేటప్పుడు మొదటి మాట ఏమన్నారు, ఇవి రాసి సంఘానికి ఇవ్వండి. తమిళ లిపిలో రాసినా సరే, కన్నడంలో రాసినా సరే. తెలుగులోకి మార్చి ఒక పుస్తకంలో ఎక్కించే పని మేము చూసుకుంటాం. పెన్షన్ మనుషులం, తీరిక ఉంది, లెక్కలు రాయడమూ అలవాటే.